మా నాయన కప్పు విప్పిన ఎండాకాలం

మొన్న మిట్టమధ్యాహ్నం మేడ మీదికి ఎక్కాను. చిక్కబళ్ళాపురంలో మేము కట్టుకున్న ఇంటికి పైన ఇంకో గది వేయిస్తున్నాం. గోడలు లేచాయి, రేకులు పడ్డాయి. రేకుల కింద తెల్లటి పలకలతో ఫాల్స్ సీలింగ్ బిగించడం ఒక్కటే మిగిలింది. ఆ పని చేసే ఆయన నిచ్చెన దిగి, గోడకూ రేకుకూ మధ్య సందులున్నాయనీ, కొనలో కిటికీలాంటి కంత కూడా ఒకటి ఉందనీ, అన్నిటినీ మూసేస్తే దుమ్ము రాదు, పావురాలు రావు, చూసేదానికి నీటుగా ఉంటుందనీ చెప్పాడు.

నేను ఆ నిచ్చెన ఎక్కి, పలకలు ఇంకా బిగించని చోట తల పైకి పెట్టాను. రేకు కింద నిలిచిపోయిన వేడి నా చెంపలను రెండు చేతులతో పట్టుకున్నట్టు అయింది. సందులున్న వైపు తిరిగితే, అక్కడ మాత్రం సన్నగా గాలి కదులుతోంది.

వాటిని మూయొద్దన్నాను. వల కొట్టి వదిలేయమన్నాను. ఎందుకని అడిగాడాయన. నిచ్చెన మీద నిలబడి చెప్పే సంగతి కాదది. పైన గాలి పోయే దోవ లేకపోతే కింద గది ఉడికిపోతుందని మాత్రం చెప్పి దిగి వచ్చేశాను. మిగిలింది ఇక్కడ చెప్పుకుంటాను.

*

మా ఊరు చింతామణికి దగ్గర. టౌను బస్సు దిగి, నీలగిరి తోపుల మధ్య మట్టి దోవన నడిస్తే వచ్చేది. అప్పటికి మాది ఇంకా కోలారు జిల్లానే. మాది మంగళూరు పెంకుల ఇల్లు. మా తాత కట్టించాడు. నేను పుట్టకముందే ఆయన పోయాడు.

ఇల్లంటే ముందు పురుగులది, ఆ తర్వాతే మాది. నడింట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెదురు గడల అరలు, అరల్లో తట్టలు, తట్టల్లో పట్టుపురుగులు. నాయన, అమ్మ, అవ్వ, నేను, తమ్ముడు వసారాలో సర్దుకునేవాళ్ళం. నడింటి మీద వెదురు బద్దలు పరిచిన అటక, దాని పైన పెంకులు. రెండు వైపుల పెంకులూ ఎక్కి కలిసే కొప్పు దగ్గర మా తాత పొడుగునా జానెడు సందు వదిలాడు. వాన పడకుండా ఆ సందు మీద ఇంకో వరస పెంకులు కొంచెం ఎత్తున, గొడుగు పట్టినట్టు కప్పించాడు. రెండు కొనల గోడల్లోనూ, కొప్పుకు కిందగా, ఇటుకలు విడిచి విడిచి పేర్చిన జాలీలు ఉండేవి. ఇవన్నీ కలిపి అవ్వ గవాచి అనేది. పెంకులు చాలక వదిలినాడనుకునేరు, గాలి పోయేదానికని చెప్పి చేయించినాడు మీ తాత అని, కొత్తవాళ్ళు ఎవరొచ్చినా అడక్కుండానే చెప్పేది.

గాలి పోవడమంటే ఏమిటో నాకూ తమ్ముడికీ జిల్లేడు కాయలు నేర్పించాయి. ఎండాకాలంలో దోవ పక్కన జిల్లేడు కాయలు పగిలి దూది ఎగురుతుంది కదా, ఆ దూదిని లాగూ జేబుల నిండా, లంగా ఒడి నిండా నింపుకొని వచ్చి, అవ్వ కళ్ళు కప్పి నడింట్లోకి దూరేవాళ్ళం. ఒక్కో పోగునూ అరచేతిలో పెట్టుకొని చెయ్యి చాపి నిలబడితే చాలు. ఊదే పని లేదు. అది కాసేపు చేతి మీదే తటపటాయించి, నిదానంగా లేచేది. తట్టల పక్క నుంచి, అటక బద్దల సందులో నుంచి, ఎవరో పైనుంచి దారం లాగుతున్నట్టు ఎక్కి ఎక్కి కొప్పు సందులో మాయమయ్యేది. అది మాయమవడం చూసీ చూడగానే మేము వీధిలోకి పరుగెత్తేవాళ్ళం. పెంకుల మీద, నీలం ఆకాశంలో, మా దూది పోగు బయటపడి ఎండలో తళుక్కుమనేది. తమ్ముడు నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయేవాడు. నేను పెద్దదాన్ని గనక నోరు మూసుకొని చూసేదాన్ని. అంతే తేడా. ఇల్లు తనంతట తాను ఒకదాన్ని పట్టుకొని ఆకాశంలోకి పంపుతుందంటే మాకు అంతకంటే పెద్ద వింత ఇంకేముంది.

అటక మీద చింతపండు కుండలు, విత్తనాల వేరుశనగ, వాడని తట్టలు, పురుగులు గూడు కట్టుకునే చంద్రికలు ఉండేవి. చంద్రిక అంటే వెదురు చాప మీద వెదురు పట్టీని గుండ్రంగా, చుట్టలు చుట్టలుగా నిలబెట్టి అల్లిన పెద్ద పళ్ళెం. చింతపండు కోసమని నేనూ తమ్ముడూ నిచ్చెన ఎక్కేవాళ్ళం. ఎంత ఎండలోనైనా అటక మీద చల్లగానే, కాకపోయినా ఓర్చుకునేట్టుగా ఉండేది. కింద కిటికీల్లోంచి వచ్చిన గాలి బద్దల సందుల్లోంచి అరికాళ్ళకు తగిలేది. పాత వెదురు, చింతపండు, మట్టి పెంకు వాసనలు మూడూ కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు.

*

పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇంటికి వేరే చట్టం. గడపలో సున్నపు నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి పోవాలి. పౌడరు రాసుకోకూడదు, మల్లెపూలు పెట్టుకోకూడదు, ఊదుబత్తి వెలిగించకూడదు. చుట్టాలు వస్తామంటే పురుగులుండాయి అంటే చాలు, వాళ్ళే ఆగిపోయేవాళ్ళు. అన్నిటికంటే కష్టం తాళింపు. ఆ పొగ పురుగులకు పడదని అమ్మ పెరట్లో కానుగ చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండేది. సంగటి, పోపు లేని పప్పు, పచ్చి పులుసు. నెల దగ్గర దగ్గర అదే తిండి. తమ్ముడు ఎదురింటి తాళింపు వాసనకు పోయి వాళ్ళ గోడ దగ్గర నిలబడేవాడు.

పురుగులు పెరుగుతూ మధ్య మధ్యలో తిండి మాని తల ఎత్తుకొని కదలకుండా ఉండిపోతాయి. దాన్ని మేము జ్వరం అనేవాళ్ళం. జ్వరం వదిలినప్పుడు పాత తోలు విడిచి కొత్త ఒంటితో లేస్తాయి. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలి చూడాలి. వేలంత లావు పురుగులు, ఇంటి నిండా. మల్బరీ కొమ్మలు పరిచిన కాసేపటికి శబ్దం మొదలయ్యేది. పెంకుల మీద సన్నటి వాన మొదలై పెద్దదవుతున్నట్టే ఉండేది. మొదటిసారి విన్న ఎవరైనా వాకిట్లోకి పోయి ఆకాశం చూసి రావలసిందే. ఆ వాన చప్పుడు వింటూ నిద్రపోయి, అది వింటూనే లేచేవాళ్ళం. వానలు లేని ఆ సంవత్సరాల్లో మాకు ఉన్న వాన అదే.

నిజంగానే వానలు లేవు. బోరుబావుల్లో నీళ్ళు అడుక్కు పోయాయి. చుట్టూ ఉన్న మల్బరీ తోటలు ఒక్కొక్కటే పోయి నీలగిరి మొక్కలు వచ్చాయి. మా ఎదురింటి మామ తన తోట పెరికేసి బెంగళూరులో ఏదో కంపెనీ గేటు దగ్గర కాపలా పనికి చేరాడు. ఆదివారాల్లో ఊరికి వచ్చి మా వసారాలో కూర్చొని, నాయనకు కూడా అదే చోట పని చూసి పెట్టానని చెప్పేవాడు. నాయన వింటూ గడ్డి పరకలు తుంచుతూ కూర్చొనేవాడు. అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు.

ఆయన కాదనలేకపోవడానికి కారణం అంతకుముందు పంట. ఊజి ఈగ పడింది. మామూలు ఈగ కంటే కాస్త పెద్దది, బూడిద రంగుది. అది పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పోతుంది. పిల్లపురుగు లోపలే పెరిగి, మన పురుగును తింటూ, కడకు గూటిని తొలుచుకొని బయటికొస్తుంది. తొలిచిన గూడు దారానికి పనికిరాదు. అమ్మ చంద్రికల నుంచి గూళ్ళు విడదీస్తుంటే, ఒక్కోదానికీ ఒక కంత. అవ్వ వాటిని చేటలో పోసుకొని చాలాసేపు అట్లాగే పెట్టుకొని కూర్చుంది.

ఇంకొక పంట చూస్తాను, అదీ పోతే తోట పెరికేసి నేనూ బెంగళూరికి పోతానని నాయన చెప్పింది ఆ రోజే. ఆ మాట అమ్మతో చెప్పాడు. మేము పక్కనే ఉన్నాం. తమ్ముడు మెల్లగా నా చెయ్యి పట్టుకున్నాడు.

*

ఈసారి ఈగ దూరడానికి సూది మొనంత సందు కూడా ఉండకూడదని నాయన పట్టుబట్టాడు. కిటికీలకు, తలుపుకు సన్నటి వల కొట్టించాడు. అది అందరూ చేసేదే. కానీ ఆయన భయం అక్కడ ఆగలేదు. చింతామణి నుంచి బస్సు నెత్తిన వేసుకొని నీలం ప్లాస్టిక్ పట్ట ఒకటి చుట్టకు చుట్ట తెచ్చాడు. అటక మీద, పెంకుల కింద ఈ కొన నుంచి ఆ కొన దాకా ఆ పట్ట బిగించాడు. కొప్పు సందులో పాత సిమెంటు సంచులు కుక్కి పైనుంచి మట్టి మెత్తాడు. ఇటుకల జాలీలకు కూడా మట్టి మెత్తించాడు.

అవ్వ వాకిట్లో నిలబడి పైకి చూస్తూ ఉంది. కాసేపటికి, "గవాచి మూయగాకురా అప్పా. లోపల గాలి యాడికి పోతుంది?" అంది.

నాయన పైనుంచే, గాలి పోయే దోవలోనే ఈగ కూడా వస్తాదని చెప్పాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. పోయిన పంటను అవ్వ కూడా చేటలో చూసుకుంది. తల మీది కొంగు సర్దుకొని లోపలికి పోయింది.

మొదట్లో నాయన లెక్కే సరిగా వచ్చింది. చిన్న పురుగులకు వెచ్చగా ఉంటేనే బాగుంటుంది. మొదటి జ్వరం, రెండోది, మూడోది అన్నీ చక్కగా దాటాయి. ఒక్క ఊజి ఈగ లేదు. నాయన ముఖంలో చాలా రోజుల తర్వాత తేటదనం వచ్చింది. ఆకు కోసుకొచ్చే మోపు కింద కూడా ఏదో పాట కూనిరాగం తీసేవాడు.

మాకు మాత్రం ఇల్లు మారినట్టు ఉండేది. ఒక రోజు తమ్ముడూ నేనూ జిల్లేడు దూది తెచ్చి చెయ్యి చాపి నిలబడ్డాం. అది లేవలేదు. ఊదితే కాస్త ఎగిరి, తల ఎత్తున నిలిచి, తట్టల మీదికి దిగబోయింది. నేను గబుక్కున పట్టుకున్నాను. తమ్ముడు ఇంకో పోగు, ఇంకో పోగు పెట్టి చూశాడు. ఏదీ పైకి పోలేదు. కిటికీలోంచి పడిన ఎండపట్టీలో దుమ్ము కూడా వేలాడుతూ ఉంది, పోనూ లేదు, రానూ లేదు. అటక మీద చింతపండు చెమట పట్టినట్టు తడిసి, పులిసిన వాసన వేస్తోంది. ఎందుకో ఇద్దరం ఆ ఆట మళ్ళీ ఆడలేదు.

*

నాలుగో జ్వరం లేచేసరికి ఎండ ముదిరింది. సాయంత్రాలు మబ్బు పట్టేది, చినుకు మాత్రం రాలేది కాదు. కరెంటు ఎప్పుడు ఉండేదో ఎప్పుడు పోయేదో. ఇంటి నిండా వేలంత పురుగులు, పచ్చి ఆకు, ఆకు తడి, పురుగుల పెంట. ఆ వేడి, ఆ తడి కప్పు దాకా ఎక్కి, పట్ట కింద ఆగి, మళ్ళీ కిందికే దిగేవి. పొద్దున లేచి చూస్తే పట్ట లోపలి వైపు నీటి బొట్లు.

చప్పుడు తగ్గిందని మొదట చెప్పింది అవ్వ. ఆమెకు చూపు తక్కువ, అందుకని ఇంటి సంగతులన్నీ చెవితో చూసుకునేది. ఆకు వేసినాక రావలసిన వాన రాలేదంది. అమ్మ లోపలికి పోయి తట్టలు చూసింది. కొమ్మల మీద ఆకు వాడి పడి ఉంది. పురుగులు దాని మీదనే ఉన్నాయి, తినడం లేదు. కొన్ని తల వేలాడేసుకొని తట్ట అంచులకు పాకాయి. కొన్నిటికి తోలు పలచబడి లోపల పాలలాంటి నీళ్ళు కనిపిస్తున్నాయి.

 అమ్మ కడ్డీతో రోగం పట్టినవాటిని ఏరి సున్నం నీళ్ళలో వేస్తూ పోయింది. నాయన సున్నం పొడి చల్లాడు, వలలు తడిపాడు, చేటతో విసిరాడు. విసిరితే ఆ వేడి గాలే పక్కకు జరిగి మళ్ళీ వచ్చేది.  వసారాలో కూర్చున్న నాకు ఆ నిశ్శబ్దానికి భయం వేసింది. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు ఆగిపోతే, ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంటుంది.

మరుసటి రోజు ఎండపూట, బతికిన పురుగులు ఎట్లాగూ గూటికి వస్తాయి కదా, చంద్రికలు దించి ఎండలో పెడతానని అమ్మ అటక ఎక్కింది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఒక చంద్రిక దించింది. ఇంకొకటి లాగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. పిలిచాను. పలకలేదు. నిచ్చెన ఎక్కి తల పైకి పెట్టాను. మొన్న రేకుల కింద నా ముఖాన్ని పట్టుకున్న వేడి, అప్పుడు దానికి రెండింతలు. నీలం పట్ట కింద వెలుతురంతా నీలంగా ఉంది. అమ్మ చంద్రికకు ఆనుకొని కూర్చొని ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడడం లేదు.

నా కేకకు నాయన పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. అమ్మను భుజాన వేసుకొని నిచ్చెన ఎట్లా దిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానుగ చెట్టు కింద పడుకోబెట్టారు. అవ్వ ముఖం మీద నీళ్ళు చల్లి, తడిగుడ్డతో అరికాళ్ళు తుడిచి, ఉప్పు వేసిన మజ్జిగ చెంచాతో పోసింది. తమ్ముడు ఏడవడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. చాలాసేపటికి అమ్మ కళ్ళు కదిలాయి. నాయన వైపు చూసింది.

"నేను ఒక గడియ సేపు ఉండలేకపోతిని. అవి రేయీ పగలూ ఆ గాలి కిందనే ఉండాయి కదా" అంది.

కోపంగా అనలేదు. నీరసంగా, తనకు తెలిసిన సంగతి చెప్పినట్టు అంది.

నాయన లేచాడు. అమ్మ దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి లోపలికి పోయాడు. నిచ్చెన ఎక్కి, అటకకున్న చెక్క తలుపు తన వెనకే మూసుకున్న చప్పుడు వినిపించింది. ఏం చేస్తున్నాడో మాకు అర్థం కాలేదు. పట్ట చించుతున్న చప్పుడు లేదు, నడుస్తున్న చప్పుడూ లేదు. అవ్వ పైకి చూస్తూ కొడుకును పిలిచింది. జవాబు రాలేదు. ఆమె రెండోసారి పిలవబోతుండగా తలుపు తెరుచుకున్న చప్పుడైంది. నాయన ఒళ్ళంతా చెమటతో, చొక్కా వీపుకు అంటుకుపోయి బయటికొచ్చాడు. లోపల ఊరికే కూర్చున్నానని చెప్పాడు. ఎంతసేపు ఉండగలనో చూసుకున్నానని చెప్పాడు. కాసేపు గోడ పట్టుకొని నిలబడి, కొడవలీ గునపమూ తీసుకున్నాడు.

*

ఆ మధ్యాహ్నం లాంటిది నేను ఇంకొకటి చూడలేదు.

పెంకులు కాలుతున్నాయి. నాయన తడిపిన గోనె సంచులు ముందు పరుచుకుంటూ, వాటి మీద మోకాళ్ళు పెట్టి కొప్పు దాకా పాకాడు. గునపంతో మట్టి పగలగొట్టాడు. పెళ్ళలు పెంకుల మీద దొర్లి వాకిట్లో పడుతున్నాయి. ఆ రోజు ఆదివారం. ఎదురింటి మామ చప్పుడు విని బయటికొచ్చి, చేతులు కట్టుకొని చూశాడు. మా నాయనకు ఏమైందో అనుకున్నాడేమో. విషయం అవ్వ చెప్పింది. ఆయన లుంగీ పైకి కట్టి, మా జాలీల మట్టిని కింద నుంచి కట్టెతో పొడవడం మొదలుపెట్టాడు.

నాయన కొప్పు సందులోంచి మొదటి సంచి లాగినప్పుడు నేను వాకిట్లోంచి చూస్తున్నాను. సంచి వచ్చీ రాగానే ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. లోపలి నుంచి వచ్చిన వేడి అంత గట్టిగా ముఖానికి కొట్టింది. ఆ సందు మీద గాలి వణకడం నాకు కింద నుంచే కనబడింది. ఎండలో దోవ మీద నీళ్ళున్నట్టు కనబడుతుంది చూడండి, అట్లా. కొప్పు మీద ఆకాశమే వణికింది. ఇంకో సంచి, ఇంకోటి. తర్వాత లోపలికి పోయి పట్ట చివర పట్టుకొని లాగాడు. నీలం పట్ట పెద్ద శబ్దంతో చిరుగుతూ వచ్చి నడింటి గుమ్మంలో కుప్పగా పడింది. దాని మీది నీటి బొట్లు మట్టిలో ఇంకిపోయాయి.

ఈగ సంగతి ఎవరూ మరిచిపోలేదు. కానుగ కింద పడుకొనే అమ్మ ఆ మాట ఎత్తింది. దోమతెర కప్పితే గాలి పోతుంది, ఈగ రాదు కదా అంది. మా ఇంట్లో ఉన్నది ఒకటే దోమతెర. ఎదురింటి మామ తన ఇంట్లోది తెచ్చాడు. ఆయన భార్య వీధి వెంట పోయి చెప్పినట్టుంది, కాసేపటికి వీధిలో సగం ఇళ్ళ దోమతెరలు మా వాకిట్లో ఉన్నాయి. తెల్లవి, గులాబీవి, చిరుగులు కుట్టినవి. అవ్వ వాటిని తడిమి చూస్తూ ఒకదానికొకటి పొడుగ్గా కుట్టింది. దారం ఎక్కించి ఇచ్చింది నేను. నాయన వాటిని కొప్పు సందు కింద, జాలీల మీద గట్టిగా బిగించాడు.

కిటికీల వలలు నీళ్ళతో తడిపి మేము నడింట్లో నిలబడ్డాం. మొదట ఏమీ తెలియలేదు. ఆ తర్వాత నా చీలమండల దగ్గర చల్లగా ఏదో కదిలింది. అది మోకాళ్ళ దాకా ఎక్కింది. నా లంగా అంచు ఊగింది. అమ్మ, వద్దంటున్నా వినకుండా, అవ్వ భుజం పట్టుకొని గడపలోకి వచ్చి నిలబడి ముఖం పైకెత్తింది. ఆమె నుదుటి మీద అంటుకున్న వెంట్రుకలు విడివడి లేచాయి. ఎండపట్టీలో వేలాడిన దుమ్మంతా ఒక్కసారిగా దోవ తెలిసినట్టు పైకి నడిచింది. పైన కప్పు పొడుగునా, రంగు రంగుల తెరలు లోపలి గాలికి పొంగి, తగ్గి, మళ్ళీ పొంగాయి. బతికి ఉన్న దాని పక్కటెముకల్లా ఉన్నాయవి.  కప్పుకు చేతులెత్తి దండం పెట్టింది అవ్వ. ఆమెను చూసి తమ్ముడు కూడా పెట్టాడు.

*

పురుగులు ఆ పూట తినలేదు. నాయన తట్టలు పలచగా సర్ది, కొత్త ఆకు వేసి, వసారాలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మేము అందరం అట్లాగే కూర్చున్నాం.

మరుసటి రోజు తెల్లారి, పాలకు పోయే డెయిరీ క్యాన్ల చప్పుడు వీధిలో వినిపించే వేళకు అవ్వ చెయ్యి పైకెత్తింది. మమ్మల్ని ఊరికే ఉండమన్న సైగ అది. మొదట నాకేమీ వినబడలేదు. తర్వాత లోపల ఎక్కడో ఒక మూల, ఒకటి రెండు చినుకులు పడ్డట్టు. ఆగింది. మళ్ళీ పడ్డాయి. ఇంకో మూల నుంచి ఇంకొన్ని. చినుకులు దగ్గరయ్యాయి, జల్లు అయ్యాయి, చివరికి వసారా అంతా నిండిపోయే వాన అయింది. నాయన మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. అమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచింది. మా ముందు ఆమె ఆయన్ను తాకడం నేను అంతకుముందు చూడలేదు.

పోయినవి పోయాయి. తట్టల్లో చాలా భాగం ఖాళీ అయింది. మిగిలినవి మాత్రం పండాయి. పండడమంటే పురుగు ఒళ్ళు పలచబడి, లోపల దీపం పెట్టినట్టు పసుపుగా మెరుస్తుంది. అప్పుడు ఏరి చంద్రికల్లో వేయాలి. చంద్రికలను వసారాలో, వాకిట్లో నీడన నిలబెట్టాం. పురుగులు తలలు అటూ ఇటూ ఆడిస్తూ, గాలిలో ఏదో రాస్తున్నట్టు, కనబడీ కనబడని దారంతో తమ చుట్టూ గోడ కట్టుకున్నాయి. ముందు లోపల పురుగు కనబడేది, తర్వాత నీడ, తర్వాత అదీ లేదు. చంద్రికల నిండా బంగారు రంగు గూళ్ళు. నేను ఒకదాన్ని ఎండకు ఎత్తి పట్టి చూశాను. నోట్లోంచి తీసిన దారంతో, అంత మెత్తటి పురుగు, ఇంత గట్టి ఇల్లు. దానికీ గాలి ఆడే సందులు ఉంటాయట, కంటికి కనపడనివి. నాయన చెప్పాడు.

కంత పడిన గూళ్ళు కొన్ని ఉన్నాయి, ఈగ పూర్తిగా రాకుండా పోలేదు. అయినా శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టు నుంచి తిరిగొచ్చిన నాయన, తోట పెరికే మాట ఎత్తలేదు. ఎదురింటి మామ మరుసటి ఆదివారం వచ్చినప్పుడు బెంగళూరు పని సంగతి అడగలేదు. మా కప్పు వైపు చూసి, తెరలు ఉంచుకోండిలే, ఇప్పుడే వాపసు వద్దన్నాడు.

నడిల్లు కడిగి సున్నం కొట్టిన రోజు అమ్మ పొయ్యి లోపల వెలిగించింది. నూనె కాగిన తర్వాత ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ వేసింది. ఆవాలు చిటపటమన్నాయి. ఆ వాసనకు తమ్ముడు ఎక్కడున్నాడో అక్కడి నుంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. పొగ వంటింట్లోంచి నడింట్లోకి, అక్కడి నుంచి పైకి పోతుంటే అవ్వ నవ్వింది.

*

ఆ తర్వాత కొన్నేళ్ళకు మా ప్రాంతం వేరే జిల్లా అయింది. పురుగులకు తోటలోనే వేరుగా షెడ్డు కట్టారు. నాలుగు వైపులా పొడుగాటి వల కిటికీలు, కప్పు మీద గాలి పోయే గొట్టాలు. నాయనే దగ్గరుండి పెట్టించాడు. మనుషులు పురుగులతో ఒకే కప్పు కింద పడుకోవడం అక్కడితో పోయింది. ఆ వాన చప్పుడు వింటూ నిద్రపోయే పిల్లలు ఇప్పుడు మా వైపు ఎవరూ లేరనుకుంటాను. పాత ఇల్లు తర్వాత విప్పేశారు. అవ్వ అప్పటికి లేదు.

ఆ ఇంటిని తలుచుకుంటే నాకు ముందు కనపడేది ఆ పంట అమ్ముకున్న మరుసటి రోజు మధ్యాహ్నం. నాయనను భోజనానికి పిలవమని అమ్మ నన్ను పంపింది. తోటలో లేడు, పెరట్లో లేడు. ఏమో అనుకొని నిచ్చెన ఎక్కి చూశాను. అటక మీద, ఉత్త వెదురు బద్దల మీద, తలకింద చెయ్యి పెట్టుకొని నాయన నిద్రపోతున్నాడు. పట్టపగలు ఆయన నిద్రపోవడం నేను చూసింది అదొక్కసారే. నోరు కొంచెం తెరిచి ఉంది. ముఖంలోని గట్టితనమంతా పోయి, తమ్ముడిలాగా ఉన్నాడు. బద్దల సందుల్లోంచి గాలి వచ్చి, ఆయన భుజం మీది తువ్వాలు అంచును మెల్లగా లేపుతోంది, దించుతోంది.

పిలవడానికి మనసు రాలేదు. కిందికి దిగి, నాయన తర్వాత తింటాడంట అని అమ్మతో చెప్పాను.